క్రాన్‌బెర్రీ మడి: ఒప్పందం నుంచి కోత నీళ్ళు వదిలే దాకా

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు క్రాన్‌బెర్రీని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. వాక్కాయ దొరకని చోట పప్పులోకైనా పులిహోరలోకైనా ఇదే గతి. నవంబరులో నాలుగు సంచులు కొని ఫ్రీజర్‌లో పడేస్తే ఏడాదంతా పచ్చడికి లోటుండదు. అయితే ఇది వండేవాళ్ళ కోసం రాసింది కాదు. ఊళ్ళో వరి మడి చూసి పెరిగి, ఇప్పుడు చేతిలో కొంత డబ్బుండి, మసాచుసెట్స్‌లోనో విస్కాన్సిన్‌లోనో ఓ పదెకరాల క్రాన్‌బెర్రీ పొలం కొంటే ఎలా ఉంటుందా అని లెక్కలేసుకుంటున్న వాళ్ళ కోసం. తెలుగు నేల మీద వేసుకోవచ్చా అని అడిగితే, కుదరదు. దీనికి చలికాలంలో వెయ్యి గంటలకు పైనే గట్టి చలి తగలాలి, 4 నుంచి 5.5 మధ్య పీహెచ్ ఉన్న ఆమ్ల నేల కావాలి. మన దగ్గర ఇండియన్ క్రాన్‌బెర్రీ అని అమ్మేది వాక్కాయ మొక్క. పులుపు తప్ప రెండింటికీ చుట్టరికం లేదు.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ప్రకటనల్లో రైతులు నడుము లోతు నీళ్ళలో, ఎర్రటి కాయల మధ్య నిలబడి కనిపిస్తారు కాబట్టి ఇది నీళ్ళలో పెరిగే పంటనుకుంటారు. ఇది ఇసుక నేలమీద పాకే తీగ. ఒకసారి నాటితే దశాబ్దాలు కాస్తుంది. వేరు నీళ్ళలో నానితే కుళ్ళిపోతుంది. మడి నిండా నీళ్ళు పెట్టేది కోతకి, చలికాలంలో కప్పుగా, ఎప్పుడైనా వసంతంలో పురుగు చంపడానికి. మిగతా కాలమంతా నీళ్ళు తీయడమే పని. ఆ తీసిన నీళ్ళు మీ ఎరువునీ మందునీ వెంటబెట్టుకుని పోతాయి. పక్క చెరువు పచ్చగా నాచు పట్టడం, మీ జేబు ఖాళీ కావడం రెండూ ఆ ఒక్క తూములోంచే జరుగుతాయి. కింద చెప్పే పనుల్లో సగం ఆ తూము దగ్గరికే తిరిగొస్తాయి.

(మసాచుసెట్స్‌లో ఈ పొలాన్ని బాగ్ అంటారు, విస్కాన్సిన్‌లో మార్ష్ అంటారు. గట్టు, కాలువ, తూము అన్నీ ఉన్నాయి కాబట్టి మనం మడి అనుకుందాం.)

1. కొనేవాణ్ణి ఖాయం చేసుకున్నాకే పొలం కొనండి

ఇక్కడ లెక్క బ్యారెళ్ళలో నడుస్తుంది. బ్యారెల్ అంటే 100 పౌన్లు, సుమారు 45 కిలోలు. పండేదాంట్లో తాజా కాయగా అమ్ముడయ్యేది నూటికి ఐదు వంతుల దాకానే. మిగతాదంతా రసం, సాస్, తీపి పట్టించి ఎండబెట్టిన కాయ. అంటే మీ పంటని కొనేది ఫ్యాక్టరీ, సంతలో కొనేవాళ్ళు కాదు. 1930లో రైతులే పెట్టుకున్న సహకార సంఘం ఓషన్ స్ప్రే. దాంట్లో సభ్యత్వం ఉన్న పొలానికీ, విడిగా అమ్ముకునే పొలానికీ మిగులు ఏడాదుల్లో ధర రెట్ల తేడాతో ఉండేది. పంట మరీ ఎక్కువైపోయి, 2018లో అమెరికా వ్యవసాయ శాఖే సరుకు మార్కెట్లోకి రాకుండా పరిమితి పెట్టాల్సి వచ్చింది. అందుకే పొలం చూడ్డానికి వెళ్ళినప్పుడు తీగ ఎంత పచ్చగా ఉందో తర్వాత చూడండి. ఒప్పందం పొలంతోపాటు మీ పేరుకి మారుతుందా, ఎన్నేళ్ళకి, ఎన్ని బ్యారెళ్ళకి అన్నది కాగితం మీద చూపించమనండి.

రకం ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. ఎకరానికి అన్నీ కలిపి ఏడాది ఖర్చు 5,000 డాలర్లు అనుకుందాం. ఎర్లీ బ్లాక్, హోవ్స్ లాంటి పాత తీగ 120 బ్యారెళ్ళు కాస్తే బ్యారెల్‌కి 42 డాలర్లు పడుతుంది. స్టీవెన్స్, క్రిమ్సన్ క్వీన్, ములికా క్వీన్ లాంటివి 250 కాస్తే 20 డాలర్లే. పంపు, డీజిలు, కూలి ఎకరాన్ని బట్టి ఉంటాయి కానీ బ్యారెల్‌ని బట్టి కాదు. అలాగని మొత్తం పీకేసి కొత్తవి వేయడం తేలికా అంటే, మడి తిరగేసి నాటడానికి ఎకరానికి 30,000 నుంచి 50,000 డాలర్లు అవుతుంది, మూడో ఏడాది దాకా చేతికి కాయ రాదు. ఏటా ఒక మడి చొప్పున మార్చుకుంటూ పోవడమే నయం.

తాజా కాయకి ధర బాగుంటుంది. దాన్ని నీళ్ళు పెట్టకుండా పొడి కోత కోయాలి. యంత్రం కింద కొంత రాలిపోతుంది, తీగా నలుగుతుంది. అయినా గట్టుకి దగ్గరగా ఉన్న ఒకటి రెండెకరాలు ఇందుకు కేటాయించి ఇండియన్ కిరాణా దుకాణాలతో నేరుగా మాట్లాడుకోవచ్చు. మనవాళ్ళు థ్యాంక్స్‌గివింగ్‌తో పని లేకుండా ఏడాది పొడుగునా కొనే సరుకిది. ఫ్రీజ్ చేసి ఇవ్వగలిగితే మరీ మంచిది.

2. నేల కంటే ముందు నీళ్ళు చూడండి

పాత పద్ధతిలో నడిచే పొలానికి ఎకరానికి ఏడాదికి 7 నుంచి 10 ఎకరా-అడుగుల (ఎకరమంతా అడుగు లోతు నిలిస్తే ఒక ఎకరా-అడుగు) నీళ్ళు కావాలంటారు. ఒక మడి నీళ్ళు ఇంకో మడికి వాడుకునేలా కట్టిన పొలానికి అందులో చాలా భాగం మిగులుతుంది. కాబట్టి చూడాల్సింది: పై మడి నుంచి కింది మడికి నీళ్ళు వాటంతటవే దిగుతాయా? వాడిన నీళ్ళని పట్టి తిరిగి పంపు చేసుకునే గుంట ఉందా? తూముల పలకలు బిగుతుగా కూర్చుంటున్నాయా, పక్కనుంచి కారుతున్నాయా? పొలంలోనే ఇసుక గుంట ఉందా? ఇది లేకపోతే ప్రతి మూడు నాలుగేళ్ళకి లారీలతో ఇసుక కొనాలి.

కొత్తగా తంపర నేల పూడ్చి మడి కడదామన్న ఆలోచన ఉంటే మానుకోండి. చిత్తడి నేలల చట్టాలు గట్టిగా ఉన్నాయి, అనుమతి దొరకడం చాలా కష్టం. ఉన్న మడిని బాగుచేసుకోవడమో, మెట్ట మీద కట్టుకోవడమో చేయాలి.

3. మడి చదును, నాటడం

పాత తీగ, పైమట్టి తీసేశాక లేజరు పెట్టి చదును చేయండి. మడి ఈ చివర నుంచి ఆ చివరకి అడుగు ఎత్తు తేడా ఉంటే, కోతకి అంతటా అడుగు ఎక్కువ నీళ్ళు పెట్టాలి. ఆ ఖర్చు ఆ మడి ఉన్నన్నాళ్ళూ మోస్తారు. మధ్యలో కొద్దిగా ఉబ్బు, చుట్టూ కాలువ ఉండాలి. పైన ఆరు అంగుళాలు తగ్గకుండా ముతక ఇసుక పరవండి. బంకమన్ను కలిసిన ఇసుక చవగ్గా వస్తుంది కానీ నీళ్ళు దిగవు, రెండేళ్ళలో వేరుకుళ్ళు పట్టుకుంటుంది.

తీగ కత్తిరింపులైతే ఎకరానికి ఒకటిన్నర నుంచి రెండు టన్నులు చల్లి డిస్కుతో ఇసుకలోకి అదమాలి. నారు మొక్కలైతే అడుగుకొకటి, అంటే ఎకరానికి 43,560. పక్క రైతు చవగ్గా ఇస్తానన్న తీగ తీసుకోవద్దు. దాంట్లో వేరే రకాలు కలిసి ఉంటాయి, బంగారు తీగ (పంట మీద అల్లుకుని రసం పీల్చే కలుపు తీగ) విత్తనం కూడా రావచ్చు. కొత్త రకాలకి పేటెంటు ఉంది కాబట్టి లైసెన్సున్న నర్సరీ నుంచే కొనాలి. నాటిన మొదటి రెండు మూడు వారాలు పై అంగుళం ఆరకూడదు. ఒకేసారి తడిపెయ్యకుండా రోజుకి నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా స్ప్రింక్లర్ తిప్పండి.

4. ఎరువు: సంచి మీద మధ్య అంకె చూడండి

ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ, చెరువులు పాడయ్యేదీ ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చూద్దాం.

క్రాన్‌బెర్రీ పేద నేలకి అలవాటుపడ్డ తీగ. పాత రకాలకి ఏడాదికి ఎకరానికి 20 నుంచి 40 పౌన్ల నత్రజని, స్టీవెన్స్ లాంటి పెద్ద కాయ రకాలకి 60 దాకా. అది అమోనియం రూపంలో ఉండాలి. నైట్రేట్‌ని ఈ తీగ సరిగా తీసుకోదు, అది కాలువలోకి పోతుంది. భాస్వరం మాత్రం మూలకం లెక్కన ఎకరానికి 20 పౌన్లు దాటకూడదు. 10, 15తో కూడా బాగా కాస్తుంది. ఎందుకంటే 200 బ్యారెళ్ళ పంట పొలం నుంచి మోసుకుపోయే భాస్వరం 20 పౌన్ల లోపే.

తప్పు ఎలా జరుగుతుందో చూడండి. మీకు 40 పౌన్ల నత్రజని కావాలి. 12-24-12 సంచి తెచ్చారు (ఆ మూడు అంకెలు వరుసగా నత్రజని, పీ2ఓ5 రూపంలో భాస్వరం, పొటాష్ శాతాలు). 40 కోసం 333 పౌన్లు చల్లాలి. ఆ 333 పౌన్లలో పీ2ఓ5 80 పౌన్లు. దాన్ని 0.44తో గుణిస్తే భాస్వరం 35 పౌన్లు. తెలియకుండానే పరిమితి దాటేశారు. అదే 18-8-18 అయితే 222 పౌన్లు చాలు, దాంట్లో భాస్వరం 8 పౌన్ల కంటే తక్కువ. నత్రజని అంతే అందింది, మోసిన బరువు తగ్గింది, చెరువుకి పోయేదీ తగ్గింది.

మట్టి పరీక్ష ఇక్కడ అంతగా పనికిరాదు. ఆమ్ల నేలలో ఇనుము భాస్వరాన్ని పట్టేసుకుని ఉంటుంది, ఆ అంకె చూసి తీగకి ఎంత అందుతోందో చెప్పలేం. ఆగస్టు నడుమ నుంచి సెప్టెంబరు నడుమ లోపు ఆ ఏడాది ఎదిగిన నిలువు కొమ్మల కొసలు కోసి ఆకు పరీక్షకి పంపండి. నత్రజని 0.9 నుంచి 1.1 శాతం, భాస్వరం 0.1 నుంచి 0.2 శాతం ఉంటే సరిపోయినట్టే. భాస్వరం 0.1 దాటాక ఇంకా వేసినా దిగుబడి పెరగదు.

పరీక్ష ఫలితం వచ్చేలోపు కొలబద్ద చాలు. మడిలోకి దిగి, కాయకి పైన నిలువు కొమ్మ ఎంత సాగిందో చూడండి. ఎర్లీ బ్లాక్‌కి రెండు రెండున్నర అంగుళాలు, స్టీవెన్స్‌కి మూడు లోపు. అంతకు మించి సాగి, పాకుడు తీగలు కాళ్ళకి చుట్టుకుంటుంటే నత్రజని ఎక్కువైందన్నమాట. అలాంటి మడిలో లోపల గాలాడదు, కాయకి రంగు రాదు, కుళ్ళు పెరుగుతుంది. రెండో ఏడాది పూత కూడా పడిపోతుంది. మొత్తం మోతాదు ఒకేసారి చల్లకుండా పూతప్పుడు, పిందె కట్టాక, మళ్ళీ మొగ్గ కట్టేటప్పుడు విడగొట్టి వేయండి. కాలువల్లో పడకుండా చల్లే యంత్రానికి అంచు మూత పెట్టించండి. వాన సూచన ఉన్న రోజు వేయవద్దు.

5. ఫ్రాస్ట్ రాత్రి

వసంతం మొదట్లో ఇంకా నిద్రలో ఉన్న మొగ్గ 18 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. మేలో చిగురు సాగాక 29, 30 దగ్గరే మాడిపోతుంది. మడి పల్లంలో ఉంటుంది కాబట్టి చల్లగాలి దిగి అక్కడే కూర్చుంటుంది. మీ ఇంటి వసారాలో 38 చూపిస్తుంటే మడిలో 29 ఉండొచ్చు. ఉష్ణమాపకం తీగ కొస ఎత్తులో, మడిలో అన్నిటికంటే చల్లగా ఉండే మూల పెట్టండి.

స్ప్రింక్లర్ తిప్పితే కొమ్మల మీద నీరు గడ్డకడుతుంది, గడ్డకట్టేటప్పుడు వేడి వదులుతుంది, ఆ వేడి మొగ్గని కాపాడుతుంది. గంటకి అంగుళంలో పదో వంతు నీరు చాలు. మధ్యలో ఒక నాజిల్ మూసుకుపోతే ఆ చుట్టూ తడి ఆవిరై మరింత చల్లబడి, అసలు నీళ్ళే పెట్టని చోటు కంటే ఎక్కువ మాడుతుంది. అందుకే సాయంత్రం వెలుతురుండగా పంపు ఓసారి తిప్పి, ప్రతి తల తిరుగుతోందో లేదో నడిచి చూడాలి. జేబులో విడి నాజిళ్ళు, ఓ సన్నటి తీగ ఉంచుకోండి. పొద్దున ఎండ రాగానే ఆపేయకండి, మంచు విడిపోయి కొమ్మల మీంచి జారడం మొదలయ్యాకే ఆపండి.

గంటకి పదో వంతు అంగుళమంటే ఎకరానికి సుమారు 2,700 గ్యాలన్లు. రాత్రంతా పది గంటలు తిప్పితే 27,000. పంపుకి ఆటోమేటిక్ కంట్రోలు పెట్టించి, మడి ఉష్ణోగ్రత పడినప్పుడు తిరిగి లేచినప్పుడు ఆగేలా చేస్తే నీళ్ళూ డీజిలూ బాగా తగ్గుతాయి. ఈ పరికరాలకి, వాడిన నీళ్ళు పట్టే గుంటలకి వ్యవసాయ శాఖ వారి ఈక్విప్ పథకంలో ఖర్చులో కొంత భాగం వస్తుంది. దరఖాస్తు ముందే పెట్టాలి, పని మొదలెట్టాక పెడితే ఇవ్వరు.

వేసవి తడుల గురించి ఒక్క మాట. వాన కలుపుకుని వారానికి అంగుళం. తెల్లవారుజామునే ఇవ్వండి. సాయంత్రం ఇస్తే ఆకు రాత్రంతా తడిగా ఉండి కాయకుళ్ళు వస్తుంది.

6. పూత, పురుగు, బంగారు తీగ

నిలువు కొమ్మకి ఐదారు పూలొస్తాయి, రెండు కాయలు నిలిస్తే మంచి పంట. పూత పదో వంతు విచ్చాక ఎకరానికి రెండు తేనెపెట్టెలు దింపించండి. చలి, మబ్బు రోజుల్లో తేనెటీగ పెట్టెలోనే ఉంటుంది. పని చేసేది అడవి తుమ్మెదలే. గట్ల మీది పూల మొక్కల్ని చెక్కేయకుండా వదిలేస్తే వాటికి సీజనంతా తిండి, ఉండే చోటు దొరుకుతాయి. పెట్టెలు మడిలో ఉన్నన్నాళ్ళూ పురుగుమందు కొట్టవద్దు.

క్యాలెండరు చూసి మందు కొట్టడం మానండి. మే, జూన్ మొదట్లో వారానికోసారి పురుగులు పట్టే చేతి వల తీసుకుని మడిలో నడుస్తూ 25 సార్లు ఊడ్చి, వలలో పడ్డవి లెక్కపెట్టండి. 25 ఊపులకి సగటున నాలుగున్నర కంటే తక్కువ ముక్కు పురుగులు ఉంటే వదిలేయొచ్చు. లూపర్ పురుగులైతే (నడుము వంచుతూ నడిచే గొంగళి పురుగులు) 18 దాకా ఓర్చుకోవచ్చు.

పిందె కట్టాక అసలు శత్రువు కాయతొలిచే పురుగు. దీన్ని వలతో పట్టలేం. మడి నాలుగు మూలల నుంచీ ఓ 50 పిందెలు కోసి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో పూరేకలు రాలిన అంచు లోపల చూడండి. అక్కడే ఒక్కో గుడ్డు అతికించి పెడుతుంది. గుడ్డు కనిపిస్తే ఆ మడికి మాత్రమే మందు. ఆలస్యమైతే ఆగస్టులో మిగతా కాయలు ఇంకా ఆకుపచ్చగా ఉండగానే అక్కడక్కడ ఎర్రబడ్డ కాయలు కనిపిస్తాయి. అలాంటిదాన్ని అడ్డంగా కోస్తే నాలుగు అరల్లోనూ రంపపు పొట్టులాంటి పెంట ఉంటుంది, పురుగు అప్పటికే పట్టుదారం అల్లి పక్క కాయలోకి పోయుంటుంది. అప్పుడు మందు కొట్టడం డబ్బు దండగ.

మందు లేని దారి ఒకటుంది. ఏప్రిల్ నడుమ నుంచి నెల రోజులు మడి ముంచి ఉంచడం. కాయతొలిచే పురుగు, ఎర్రనల్లి, కొంత కలుపు కూడా తగ్గుతాయి. ఏటా చేస్తే తీగ నీరసపడుతుంది, మూడేళ్ళకోసారి చాలు. నెల నిలిచిన ఆ నీళ్ళని మీ సొంత గుంటలోకే తీసుకోండి, బయటి చెరువులోకి వదలకండి.

బంగారు తీగని కోస్తా జిల్లాల మినుము చేలల్లో చూసినవాళ్ళకి దాని సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కడ ఉండేదీ దాని దగ్గరి చుట్టమే. విత్తనం నీళ్ళ మీద తేలి కోతప్పుడు మడి నుంచి మడికి పోతుంది, ఏళ్ళ తరబడి మట్టిలో బతికే ఉంటుంది. నారింజ రంగు దారాలు కనిపించగానే, అది పూయక ముందే, అల్లుకున్న క్రాన్‌బెర్రీ తీగతో సహా కోసి పొలం బయటికి మోయండి. దారాలు మాత్రమే లాగేస్తే తునక మిగిలి మళ్ళీ అల్లుకుంటుంది. కోత వరుసలో ఆ మడిని ఆఖరున పెట్టండి.

మందు కొట్టే ముందు కొనేవాళ్ళ నిషేధ జాబితా చదవండి. అమెరికాలో లేబుల్ ఒప్పుకున్నా సరుకు వెళ్ళే దేశం ఒప్పుకోకపోవచ్చు. ఐరోపా సంఘం 2019లో తెగులు మందు క్లోరోథలోనిల్‌కి అనుమతి తీసేసింది. అది కొట్టిన కాయని కొనేవాళ్ళు వెనక్కి పంపితే ఏడాది కష్టం పోయినట్టే. కొట్టాక నీళ్ళు ఎన్నాళ్ళు బిగించి ఉంచాలో లేబుల్ మీద ఉంటుంది, అన్నాళ్ళూ తూము తెరవకూడదు.

7. కోత, ఆ తర్వాత నీళ్ళు

సెప్టెంబరు నడుమ నుంచి నవంబరు మొదటి దాకా కోతలు. ఎర్లీ బ్లాక్ ముందు, స్టీవెన్స్ అక్టోబరులో, హోవ్స్ ఆఖరున. మొదట ఆరు ఎనిమిది అంగుళాల నీళ్ళు పెట్టి రీలు యంత్రంతో తీగని కదిలిస్తే కాయ విడిపోతుంది, లోపల గాలి అరలుండటంతో పైకి తేలుతుంది. తర్వాత నీటిమట్టం అడుగున్నరకి పెంచి, తేలే కంచెతో కాయని ఓ మూలకి చేర్చి పంపుతో లారీకెత్తాలి. ఒక రోజు కంటే ఎక్కువ కాయని నీళ్ళలో ఉంచకండి. లారీ ఖాయం కాకుండా మడిలో రీలు తిప్పొద్దు.

పై మడి కోత అయ్యాక ఆ నీళ్ళే కింది మడికి వదలండి. అన్నీ అయ్యాక ఆఖరి మడి దగ్గర చేసే పనితో చెరువు బతుకు తేలుతుంది. కోత నీళ్ళు మట్టితో, ఆకు చెత్తతో కలకగా ఉంటాయి. ఒకటి నుంచి మూడు రోజులు కదలకుండా నిలపండి, మట్టి అడుక్కి చేరుతుంది. ఆకు చెత్తని జల్లెడతో తీసి కంపోస్టుకి వేయండి. తర్వాత తూము పలకలు పైనుంచి ఒక్కొక్కటే తీస్తూ తేట నీళ్ళు నెమ్మదిగా పోనివ్వండి. ఒక్కసారిగా అన్నీ ఎత్తేస్తే అడుగు మట్టి మొత్తం లేచి పోతుంది.

అలాగని వారాల తరబడి ఉంచడమూ తప్పే. నీళ్ళ కింద నేలకి ఆక్సిజన్ అందక, పది రోజులయ్యేసరికి ఇనుము తన పట్టు వదిలేస్తుంది. అది దాచుకున్న భాస్వరం నీళ్ళలో కరిగిపోతుంది. కాబట్టి మూడో రోజు మొదలెట్టి పదో రోజు లోపు ఖాళీ చేయండి.

8. చలికాలం, ఇసుక

ఇసుక గడ్డకట్టాక మళ్ళీ నీళ్ళు పెట్టి తీగ కొసలు మునిగేలా ఉంచాలి. పైన మంచు పలక కట్టి ఎండు చలిగాలి నుంచి కాపాడుతుంది. ఆ పలక మీద దట్టంగా మంచు కురిసి వెలుతురు పడకపోతే అడుగు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి వసంతంలో ఆకు రాలుతుంది. అప్పుడు పలక కింది నీళ్ళని తీసేయండి.

మంచు పలక మీదే ఇసుక కూడా చల్లుతారు. 1816 ప్రాంతంలో కేప్ కాడ్‌లోని డెన్నిస్ ఊళ్ళో హెన్రీ హాల్ గమనించింది ఇదే: గాలికి ఇసుక వచ్చి పడిన చోట తీగ బాగా ఎదిగింది. మూడు నాలుగేళ్ళకోసారి అర అంగుళం నుంచి అంగుళం. ఎకరానికి అంగుళమంటే 134 ఘనపు గజాలు. పాకుడు తీగ ఇసుక కింద పడి వేరు పట్టి కొత్త నిలువు కొమ్మలు వేస్తుంది, కింది చెత్తలో దాక్కున్న పురుగు గూళ్ళు పూడిపోతాయి, బంగారు తీగ మొలక తగ్గుతుంది. రెండు అంగుళాలు పడితే ఆ ఏడాది పంట తగ్గిపోతుంది. ఈ మధ్య చలికాలాలు మెత్తబడి లారీ మోసేంత మందంగా పలక కట్టని ఏడాదులుంటున్నాయి. అప్పుడు నీళ్ళ మీద బల్లకట్టుతో చల్లాలి. అదీ కుదరకపోతే ఆ ఏడాదికి కత్తిరింపుతో సరిపెట్టుకోండి. పలక మందం తవ్వి చూడకుండా లారీ ఎక్కించొద్దు.

ఇన్ని చేసినా నాలుగైదేళ్ళ పాటు 80, 90 బ్యారెళ్ళు దాటని మడి ఒకటి మిగులుతుంది. సాధారణంగా ఊట ఆగని మూల మడి. దాని మీద మళ్ళీ 40,000 డాలర్లు పెట్టే ముందు, దాన్ని తిరిగి చిత్తడి నేలగా వదిలేస్తే ఏమొస్తుందో కనుక్కోండి. మసాచుసెట్స్‌లో ప్లిమత్ దగ్గర ఈల్ రివర్ ఊట దగ్గరి పాత మడుల్నీ, టిడ్‌మార్ష్ పొలాన్నీ ఇలాగే గట్లు తెంచి వాగుకి వదిలేశారు. రాష్ట్ర పర్యావరణ పునరుద్ధరణ విభాగంలో ఇందుకు ప్రత్యేకంగా క్రాన్‌బెర్రీ మడుల కార్యక్రమమే ఉంది. కేంద్ర వ్యవసాయ శాఖ చిత్తడి నేల హక్కుల్ని డబ్బిచ్చి కొంటుంది. దరఖాస్తుకి ముందు ఆ మడికి స్ప్రింక్లర్లు, తూము పలకలు విప్పేయకండి. కాస్తున్న మడిగానే లెక్క కట్టించుకోండి.